అడిగితేగాని చెప్పని రోగి

మొన్న మనవరాలు నన్ను రామచంద్రపురం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఒక కుర్రాడు నా జబ్బకు బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టాడు. పట్టీ బిగిసి చెయ్యంతా బరువెక్కింది. తర్వాత సుయ్‌మని గాలి వదులుతుంటే వేళ్ళ చివరిదాకా చిమచిమలాడింది. ఆ చిమచిమతోనే వసుంధర గారు గుర్తొచ్చారు. ఆవిడ శిష్యులు ఈ చేతిని ఎన్నిసార్లు బిగించి వదిలారో! అప్పుడు నాకు ఏ రోగమూ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. రాజమండ్రిలో మా మేడమీద వాటాలో డాక్టర్ వసుంధర గారు ఒక్కరే అద్దెకుండేవారు. మా ఆయన పోయిన ఏడాది అది. కింద నేనూ ఒక్కదాన్నే. ఆవిడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు పాఠాలు చెప్పేవారు. అదేం చదువని అడిగాను.

"డాక్టరుకంటే ముందు రోగిని చూసేవాళ్ళండీ. కూర్చోబెట్టి అడగాలి, చెయ్యి పట్టి చూడాలి, ఆ సంగతి డాక్టరుకు తూచినట్టు చెప్పాలి."

"నర్సూ కాదు, డాక్టరూ కాదు. మరెందుకండీ వాళ్ళు?"

"మా చెవులండీ వాళ్ళు" అని నవ్వారు.

ఒకరోజు అరుగు మీద కూరగాయల మంగమ్మతో బేరమాడుతున్నాను. ఆవిడ మెట్ల మీద ఆగి వింటున్నారు. "ఎంతకి కావాలో మీరే చెప్పండమ్మా" అంటుంది మంగమ్మ. నేను చెప్పను. "పోనీ, కాయలు నచ్చాయా?" అంటే "ముదురు" అంటాను. చివరికి "మీ నోట మాట రావాలంటే కొబ్బరికాయ కొట్టాలి తల్లీ" అని విసుక్కుంటూ తూచి పోసి వెళ్ళింది. వసుంధర గారు కిందికి దిగి వచ్చారు.

"పిన్నిగారూ, రేపు మా క్లాసుకి వస్తారా?"

"మూడో తరగతితో పలక అటక ఎక్కించినదాన్ని. నాకు క్లాసేంటండీ?"

"చదవడానికి కాదు. రోగిగా."

"నాకేం రోగం?"

"అది నేనిస్తాను."

నిజంగా జబ్బుపడ్డవాళ్ళ మీద పిల్లలు తప్పులు చేస్తూ నేర్చుకోకూడదని ఆవిడ పట్టుదల. అందుకని ముందు రోజు సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఒక ఆడమనిషి పేరూ, ఊరూ, రోగమూ కథలా చెప్పేవారు. మర్నాడు ఆ మనిషిని నేనే. అబద్ధమాడడమేంటండీ అని నేను నసిగితే, "అబద్ధంలో తప్పు చేసినవాళ్ళు నిజంలో చెయ్యరండీ" అన్నారు. నియమం ఒక్కటే. అడిగింది చెప్పాలి, అడగనిది ఇవ్వకూడదు. ఊరికే ఇవ్వడం నాకూ అలవాటు లేదు గనక ఆ పని నాకు బాగా కుదిరింది.

ఒకరోజు పాలకొల్లులో హోటలు నడిపేవాడి పెళ్ళాన్ని, ఇంకోరోజు ఊడ్పుల్లో జ్వరం తగిలిన కూలిమనిషిని. ఒక కుర్రాడు చల్లటి చేతులతో పొట్ట నొక్కితే, "చేపల ఐసు పెట్టెలోంచి వచ్చావా నాయనా!" అని కసిరాను. వసుంధర గారు నన్ను వారించలేదు. క్లాసు మొత్తాన్ని నిలబెట్టి అరచేతులు రుద్దించారు. ఎవరైనా నా మాటకు అడ్డు వస్తే మాత్రం, "ఆవిడ ఊపిరి తీసుకుంటున్నారు. మాట అయిపోలేదు" అనేవారు. కేకలు వేయడం ఆవిడకు చేతకాదు. ఆ మాటకే పిల్లలు తలలు వంచేసేవారు.

ఆ పిల్లల్లో పోలవరం వైపు నుంచి వచ్చిన నాగమణి అంటే నాకు ముద్దు. పుస్తకం అప్పజెప్పమంటే నీళ్ళు తాగినట్టు చెప్పేది. పరీక్షనాడు నేను సీతమ్మను. కళ్ళు తిరుగుతున్నాయని వచ్చాను. షుగరు మాత్ర ఒక్కపూటా మానదు సీతమ్మ. ఉపవాసాలూ మానదు. దాచిన సంగతి అదే. నాగమణి వడగళ్ళలా కురిపించింది ప్రశ్నలు.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను."

"భోజనం చేస్తున్నారా?"

"చేస్తున్నాను."

రాసుకుని లేచింది. వసుంధర గారు నా వైపు తిరిగారు. "మళ్ళీ ఈ అమ్మాయి దగ్గరికి వస్తారా?"

"రాను" అన్నాను. నాగమణి మొహం మాడిపోయింది. ఇంకొక్కసారి తప్పితే ఆ పిల్ల చదువు వదిలేసి ఊరికి వెళ్ళిపోవాల్సిందే. రిక్షాలో వస్తూ, "పాపమండీ" అని గొణిగాను. "మీరు వస్తానని ఉంటే రేపు నిజం సీతమ్మ పోయేది" అన్నారు వసుంధర గారు. అలాగని ఆ పిల్లను వదిలేయలేదు. పెన్ను లాక్కుని, రోజూ ఆడవాళ్ళ వార్డులో స్టూలు మీద కూర్చోబెట్టారు. అడగొద్దు, వినమన్నారు. విన్నది సాయంత్రం తనకు చెప్పమన్నారు.

ఆఖరి అవకాశం వచ్చింది. ఈసారి నేను రామలక్ష్మిని. మొలల వల్ల రక్తం పోయి నీరసం. సిగ్గుతో బయటపెట్టదు. నాగమణి అరచేతులు రుద్దుకుని నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పండమ్మా."

"నీరసం."

ఆగింది. నేనూ ఆగాను. "నిన్న రాత్రి ఏం తిన్నారు?" అంది.

రామలక్ష్మి ఏం తిన్నదో వసుంధర గారు నాకు చెప్పలేదు. వెతుక్కుంటే నా దగ్గర నా జవాబే ఉంది. "మజ్జిగన్నం" అన్నాను.

"పొద్దున వండిందా?"

"మొన్న వండింది."

ఆ పిల్ల కళ్ళు తిప్పలేదు. నేను ఊపిరి తీసుకున్నంతసేపూ ఊరుకుంది. "ఒక్కదాని కోసం పొయ్యి ముట్టించడం దండగ కదమ్మా. ఆయనకి పూటపూటా వేడిగా ఉండాలి. ఇప్పుడు ఆ వంటింట్లోకి వెళ్ళబుద్ధి కాదు" అన్నాను. నా కన్నకూతురికి కూడా చెప్పని మాట అది.

ఆమె నా చెయ్యి వదలకుండా, "చెప్పుకోవడానికి సిగ్గయ్యేది ఇంకేమైనా ఉందామ్మా?" అని మెల్లిగా అడిగింది. రామలక్ష్మి రోగమూ ఇచ్చేశాను.

అప్పుడు లేచి నిలబడి వసుంధర గారికి అప్పజెప్పింది. "మేడం, ఈవిడకి విరేచనంలో రక్తం పోతోంది, సిగ్గుపడి చెప్పలేదు. రక్తపరీక్ష చేయించాలి. భర్త పోయాక వండుకోవడం మానేశారు. చల్లన్నమే తింటున్నారు. దానికి మందు నాకు తెలీదు మేడం. కానీ మీకు తెలియాలి."

నా బతుకు ఇంకొకరి నోట అంత శుభ్రంగా వినడం అదే మొదలు. ఏడుపు లేదు, జాలి లేదు. ఉన్నది ఉన్నట్టు. వినేసరికి ఏడాదిగా గుండెల మీదున్న రాయి కాస్త పక్కకు జరిగినట్టయింది. వసుంధర గారు కాగితం పక్కన పెట్టి నా వైపు తిరిగారు. రామలక్ష్మిది ఏదో, నాది ఏదో ఆ గదిలో ఆవిడకొక్కరికే తెలుసు.

"చెప్పింది సరిగ్గా ఉందామ్మా?"

"ఉందండీ."

"మళ్ళీ వస్తారా?"

"వస్తాను."

నాగమణి గట్టెక్కింది. దారిలో వసుంధర గారు ఆ ఊసే ఎత్తలేదు. దీపాలు పెట్టే వేళకు మాత్రం ఖాళీ కంచం పట్టుకుని కిందికి దిగారు.

"పిన్నిగారూ, ఈ పూట మా పొయ్యి వెలగలేదు. నాలుగు మెతుకులు వేడిగా పెడతారా?"

నాకు అర్థమైంది. తగ్గుతానా? "బియ్యం ఎవరిస్తారండీ?" అన్నాను. ఆవిడ పైకెళ్ళి సోలెడు బియ్యం కొలుచుకొచ్చారు. ఆ రాత్రి పప్పుచారు పెట్టాను. ఇద్దరం వంటింట్లోనే చేతులు కాలేంత వేడిగా తిన్నాం. ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయేదాకా ఆవిడ కంచమూ, సోలెడు బియ్యమూ వస్తూనే ఉన్నాయి.

ఆవిడ వెళ్ళాక ఆ వాటాలోకి వేరేవాళ్ళు వచ్చారు, పోయారు. వయసు మీదపడి నేనూ రామచంద్రపురంలో కూతురి ఇంటికి చేరాను. అయినా ఇంట్లో ఒక్కదాన్నే ఉన్న రోజున కూడా రాత్రి అన్నం రాత్రే వండుకుంటాను. గ్యాసు ధర చూస్తే అది దండగే. నేను చేసే దండగ అదొక్కటే. దాన్ని మాత్రం ఎవరు చెప్పినా మానను.