చెరిపి పంపిన కాగితాలు

కువైట్‌లో ఉన్న ఆడవాళ్ళు ఇంటికి బంగారం పంపుతారని మా కోనసీమలో అందరూ అనుకుంటారు. నేను పంపింది చెత్తకాగితాలు. అవి కూడా ప్రతి శుక్రవారం కాళ్ళు బారజాపుకుని కూర్చుని, రబ్బరుతో రుద్ది రుద్ది తెల్లగా చేసిన చెత్తకాగితాలు. ఈ సంగతి నవ్వుతూ చెప్పాలని ఎన్నిసార్లో ప్రయత్నించాను. నవ్వు రాలేదు.

రుమైథియాలో ఒక ఇంగ్లీషు బడిలో నేను క్లీనర్ని. అక్కడ తరగతి అనరు, ఇయర్ వన్, ఇయర్ టూ అంటారు. ప్రైమరీ పిల్లల వరండా నాది. నేల తుడవాలి, బాత్రూములు కడగాలి, ఎవడైనా కక్కుకుంటే ఎత్తిపోయాలి. టర్ము ముగిసిన రోజున మాత్రం ఇంకో పని ఉంటుంది. గోడల మీద బోర్డులకు పిన్నులు కొట్టి తగిలించిన పిల్లల కాగితాలన్నీ పీకేసి, నల్ల సంచుల్లో కుక్కి పారేయాలి. "యల్లా యల్లా, ఖలాస్ చేయండి" అంటూ సూపర్‌వైజరు వెనకే నిలబడి తరుముతాడు.

నేను ఇక్కడికి వచ్చేసరికి మా అమ్మాయి ఒకటో తరగతి. దాన్ని ఊళ్ళో మా అక్క దగ్గర వదిలి వచ్చాను. నా మొగుడి సంగతి ఇక్కడ రాయను. ఉన్నాడు, మాకు లేడు, అంతే.

మొదటిసారి ఇయర్ వన్ బోర్డు పీకుతూ చేతులు ఆగిపోయాయి. తడిదూదిలో పెట్టిన గింజ ఏ రోజు పగిలిందో, ఏ రోజు మొలక లేచిందో ఆ పసివాళ్ళు రోజుకో బొమ్మ వేశారు. ఏది నీళ్ళలో మునుగుతుంది, ఏది తేలుతుంది అని రెండు వరసలుగా రాశారు. ఆ పై బోర్డు ఇయర్ టూ వాళ్ళది. గడియారాలు, కూడికలు, ఎడారిలో ఒంటె ఎలా బతుకుతుందో, మంచులో ఎలుగుబంటి ఎలా బతుకుతుందో. ఇయర్ త్రీలో ఒంట్లో ఎముకలు, రొట్టెను ముక్కలు చేసి భిన్నాలు. ఇయర్ ఫోర్‌లో బ్యాటరీకి తీగ కలిపితే బల్బు ఎందుకు వెలుగుతుందో, తిన్న అన్నం ఏ పేగులోంచి ఎటు పోతుందో. నేను పది తప్పినదాన్ని. తిన్నది ఎక్కడికి పోతుందో నాకు ఆ గోడే చెప్పింది, మాపుకర్ర చేతిలో పట్టుకుని చదువుకున్నాను. ఇంత చదువు చెత్తబుట్ట పాలవుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఆ సాయంత్రం ఒక కట్ట తీసి నా సంచిలో పెట్టుకున్నాను.

అలా మొదలైంది. పెన్సిలుతో రాసినవే ఏరేదాన్ని. వాటిలోనూ టీచరు నక్షత్రం అంటించినవే. చెత్తలో కూడా నాకు ఫస్టు ర్యాంకులే కావాలి మరి! శుక్రవారం సెలవు. అన్నం తిన్నాక ముందు జవాబులన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని, మా అమ్మాయి చేసింది ఒప్పో తప్పో నాకు తెలియాలి కదా. తరవాత రబ్బరు తీసుకుని ఆ పిల్లలు రాసిందంతా చెరిపేసేదాన్ని. అచ్చువేసిన ప్రశ్నలు ఉండిపోయేవి, జవాబుల చోట్లు ఖాళీ అయ్యేవి. నక్షత్రాలు చిరగకుండా ఊడదీసి ఒక కవర్లో వేసి, "నువ్వు చేశాక అంటించుకో" అని రాసి పంపేదాన్ని.

మా గదిలో రాజోలు వైపు పెద్దావిడ ఒకావిడ ఉండేది. పిన్నీ అని పిలిచేదాన్ని. ఆవిడ మంచం మీద పడుకుని నన్ను చూసి ముక్కున వేలేసుకునేది.

"ఏమే, మీ ఊళ్ళో తెల్లకాయితాలు దొరకవా? ఒకళ్ళు రాసింది చెరిపి ఇంకొకళ్ళకి పంపుతావేంటే?"

"ఇది ఇంగ్లీషు బడి చదువు పిన్నీ. మన ఊళ్ళో ఎక్కడ దొరుకుద్ది?"

"చదివే పిల్లయితే ఇసకలో రాసినా చదువుద్ది. పక్కనుండి చెప్పేవాళ్ళుండాలి గానీ."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఇక్కడ మనవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. సెలవు మీద ఎవరు ఊరికి వెళ్తున్నా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తలా ఒక కేజీ, రెండు కేజీలు వాళ్ళ సామానులో పెట్టిస్తారు. కాదనకూడదు, రేపు వాళ్ళూ మనకు పెడతారు. అందరూ సబ్బులు, పాలపొడి, ఖర్జూరాలు పెట్టేవారు. నేను కాగితాలు పెట్టేదాన్ని. షువైఖ్‌లో గ్యారేజీలో పనిచేసే మా పక్కూరి అన్నయ్య ఒకసారి కట్ట చేత్తో తూచి చూసి, "చెల్లెమ్మా, మీ ఊళ్ళో కాయితాలకొట్టు పెట్టావా ఏంటి?" అన్నాడు. అయినా మోశాడు పాపం.

బడిలో నా డ్యూటీ నాలుగింటికి అయిపోయేది. కంపెనీ బస్సు ఎక్కగానే ఫోను చేసేదాన్ని. ఊళ్ళో అప్పటికి ఆరున్నర. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని అడిగేదాన్ని.

"మూడో ప్రశ్న?"

"పన్నెండు."

"నాలుగు?"

"స్పైన్."

"అన్నీ చేశావా?"

"అన్నీ చేసేశా. అన్నీ వచ్చమ్మా!"

ఒక్కటంటే ఒక్కటి తప్పేది కాదు. బస్సులో పక్క సీటు వాళ్ళకు వినపడాలని స్పీకరు పెట్టేదాన్ని. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నాకు ముద్దే కాదు, పొగరు కూడా. పొద్దున్నే వరండా తుడుస్తూ, కార్లలో దిగి వస్తున్న పిల్లల్ని చూసి, మీకెంత వచ్చో నా కూతురికీ అంతే వచ్చు అనుకునేదాన్ని. నడుం నొప్పి కూడా తెలిసేది కాదు.

అమ్మాయి నాలుగో తరగతికి వచ్చాక అక్క ఫోను చేసింది. "ఒసే, వచ్చే వేసవికి నేను హైదరాబాదులో అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతున్నా. నా మోకాళ్ళు పనిచేయట్లేదు. పిల్లని ఎక్కడ పెడతావో చూసుకో." నిష్ఠూరంగా అనలేదు. నాలుగేళ్ళు చూసింది, ఇంకేం చేస్తుంది?

ఉన్న దారి ఒక్కటే. గురుకుల పాఠశాలలో ఐదో తరగతికి సీటు. హాస్టలు, భోజనం, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. దానికి నాలుగో తరగతిలో ఉండగానే పరీక్ష రాయాలి. సీటు వస్తే పిల్లకు ఒక నీడ. రాకపోతే నేను అన్నీ వదిలేసి వెళ్ళాలి, వెళ్ళి ఇద్దరం ఎలా బతకాలో నాకు తెలియదు. కానీ నిజం చెప్పాలంటే నాకు అప్పుడు భయం లేదు. నా కూతురికి రాకపోతే ఇంకెవరికి వస్తుంది సీటు?

పరీక్షకు పన్నెండు రోజుల ముందు సెలవు పెట్టుకుని ఊరికి వెళ్ళాను. పిల్ల నా భుజం దాకా వచ్చేసింది. నేను పంపిన కాగితాలన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఏడాది వారీగా దారాలు కట్టి దాచింది. ఒక్కో కాగితం మీదా నక్షత్రం. వాటిని చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మర్నాడు పొద్దున్న అమలాపురం నుంచి మాదిరి ప్రశ్నపత్రం తెప్పించాను. "ఇది చెయ్యి, నేను టీ పెట్టుకొస్తా" అని లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది. కాగితాన్ని కంటి ఎత్తున పెట్టి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంది. ఒకవైపు వంచింది, ఇంకోవైపు వంచింది. వేలికొసతో కాగితాన్ని మెల్లగా తడుముతోంది.

"ఏం చూస్తున్నావే?"

"దీని మీద గీతలు లేవమ్మా."

"ఏం గీతలు?"

"నువ్వు పంపేవాటి మీద ఉంటాయి కదా. వెలుతురుకి పెడితే కనపడతాయి. వాటి మీంచి రాసుకుంటూ వెళ్ళిపోవడమే."

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. ట్రంకుపెట్టె తీసి ఒక కాగితం కిటికీకి పట్టి చూశాను. ఉన్నాయి. కువైట్ పిల్లలు పెన్సిలు నొక్కి నొక్కి రాసిన గాట్లు. నా రబ్బరు నలుపును తీసింది గానీ గాటును తీయలేదు. గదిలో ట్యూబులైటు కింద చెరిపిన నాకు అవి ఏనాడూ కనపడలేదు. నాలుగేళ్ళు మా అమ్మాయి ఎవరెవరి పిల్లలో రాసిన జవాబుల మీదే పెన్సిలు పోనిచ్చి, నాకు ఫోన్లో చదివి వినిపించింది. పైన పటారం, లోన లొటారం. దానికి ఆ పటారం తగిలించింది నేనే.

"నలభై మూడులోంచి పదిహేడు పోతే ఎంతే?" అని అడిగాను.

వేళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నా ముఖం చూసింది.

కొట్టాను. దాచుకోవడం ఎందుకు, చెంప మీద కొట్టాను. రెండేళ్ళ తరవాత పిల్లను చూసి, దాని ఒంటి మీద నేను వేసిన రెండో చెయ్యి అది. మొదటిది ముందు రోజు ముద్దుచేసిన చెయ్యి. "నా కొంప ముంచావు కదే, రాదని ఒక్కసారి చెప్పొచ్చు కదే" అని అరిచాను. పిల్ల ఏడవలేదు. చెంప పట్టుకుని, "నువ్వు ఫోన్లో సంతోషంగా ఉంటావు కదా" అంది.

వంటింట్లోంచి అక్క వచ్చింది. "దాన్నెందుకు కొడతావే? ఇక్కడ బళ్ళో అయిదు తరగతులకీ ఒక్కడే పంతులు. నాకా ఏబీసీడీలు రావు. ఎవరు చెప్పారు దానికి? నువ్వు చెప్పావా?" అంది.

మిగిలిన రోజులన్నీ పొద్దుట్నించి పొద్దుగూకే దాకా కూర్చోబెట్టాను. రుమైథియా గోడల మీద నేను చూసినవన్నీ చెప్పాలని చూశాను. చిక్కుడుగింజ నానబెట్టాం. దోసెను నాలుగు ముక్కలు చేసి పావు, సగం, ముప్పావు చూపించాను. పిల్ల మొద్దు కాదు. పక్కన కూర్చుని చెబితే ఇట్టే పట్టేసేది, ఆ సంగతి తెలిసేకొద్దీ నాకు ఇంకా దుఃఖం వచ్చేది. కానీ గింజ మొలకెత్తడానికే ఐదు రోజులు పట్టింది. నాలుగేళ్ళ చదువు పదకొండు రోజుల్లో ఎక్కడ పడుతుంది?

పరీక్ష రోజు గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. పిల్ల అట్ట ఊపుకుంటూ బయటికి వచ్చింది.

"ఎలా రాశావే?"

"బాగా రాశానమ్మా. అన్నీ వచ్చాయి."

నమ్మాను. ఇంకేం చేయను, తల్లిని కదా.

బయలుదేరేటప్పుడు ట్రంకుపెట్టెలోంచి ఒక్క కాగితం తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను. ఇయర్ టూ వాళ్ళది, పైన 'మా అమ్మ' అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది. దాని చేతిరాత నా దగ్గర ఒకటి ఉండాలనిపించింది, అంతే.

కువైట్ వచ్చి డ్యూటీలో చేరిన వారానికి ఫలితాలు వచ్చాయి. అక్క ఫోను చేసి, "రాలేదే" అంది. ఆ సాయంత్రమే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, నా ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిటు, తీరేదాకా ఆగను, వేసవి సెలవులకి బడి మూసేరోజుకి ఖలాస్ అని చెప్పేశాను. అతను నీ ఇష్టం అన్నాడు.

బస్సు ఎక్కాక ఆ కాగితం తీశాను. మా అమ్మ నన్ను రోజూ కారులో తీసుకువెళ్తుంది, మా అమ్మ కేకు చేస్తుంది, పడుకునే ముందు మా అమ్మ నాకు కథ చదువుతుంది. అంతా ఇంగ్లీషులో, మా అమ్మాయి చేత్తో. రెండేళ్ళ కిందట ఇదే బస్సులో ఈ వాక్యాలు నాకు ఫోన్లో చదివింది. నేను నోటుబుక్కులో చూసుకున్నాను, సరిపోయాయి. వెరీ గుడ్ అన్నాను. కారెక్కడిదే, కేకెక్కడిదే అని అడగాలని నాకు తోచనే లేదు.

కాగితం వెనక్కి తిప్పాను. అడుగున చిన్న అక్షరాలతో తెలుగులో ఒక వాక్యం ఉంది. బస్సు కిటికీకి ఏటవాలుగా పట్టి, అటూ ఇటూ వంచి చూశాను. దాని కింద ఎవరి గాటూ లేదు. నాలుగేళ్ళలో మా అమ్మాయి సొంతంగా రాసింది అదొక్కటే.

'అమ్మ అడిగితే అన్నీ వచ్చు అని చెప్పాలి.'

టైము నాలుగు దాటింది. ఫోను కలిపాను. ఈ రోజు చదువు ఊసే ఎత్తకూడదు, నేను వచ్చేస్తున్నానే అని చెప్పాలి, అన్నం తిన్నావా అని అడగాలి. అటు ఫోను ఎత్తిన చప్పుడైంది. నేను నోరు తెరిచేలోపే వినపడింది.

"అన్నీ చేసేశానమ్మా. అన్నీ వచ్చు."