మామ నడవని శ్రీశైలం

పొద్దున ఎనిమిదికి అమ్మా నేనూ ఆరాంఘర్‌లో శంషాబాద్ బస్సెక్కాం. ఆ వేళకు విమానాశ్రయంలో పనికి పోయేవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో పోయేవారు పది దాటాక బయల్దేరితే మేలు.

ఈ ప్రయాణానికి కారణం నర్సింహ మామ, అమ్మ తమ్ముడు. కాలినడకన శ్రీశైలం పోయొచ్చాననీ, మల్లన్న దయతో మోకాళ్ల నొప్పి మాయమైందనీ, మాత్రలు మానేశాననీ చుట్టాలందరికీ చెప్పాడు. అది విని అమ్మ నెల కిందటే తన మోకాళ్ల మాత్రలూ మానేసింది. వచ్చే శివరాత్రికి తనూ నడుస్తానంది. దారిలో ఎక్కడెక్కడ ఆగాలో మామను అడగాలని నన్ను వెంట తెచ్చింది.

శంషాబాద్‌లో టీ తాగి మామ ఊరికి ఆటో కోసం చూస్తుంటే ఒక కారు ఆగింది. మామ పక్కింటి సలీం అన్న. కిరాయికి కారు నడుపుతాడు. ఊళ్లో దింపుతానని ఎక్కించుకున్నాడు. వెనక సీట్లో అమ్మ కాళ్లు పట్టుకుని అవస్థ పడుతుంటే అద్దంలో చూసి జాలిపడ్డాడు.

"మీ తమ్మునిది గూడ గిదే పరేషాన్ అక్కా. శ్రీశైలం తీస్కపోతే దారి పొడుగునా కాళ్లు నొస్తున్నయనే అన్నడు. గుడి కాడ నేనే పట్టుకొని దించిన."

ఎవరి కారులో పోయాడని అమ్మ మెల్లగా అడిగింది.

"గిదే కారు," అన్నాడాయన.

మామ ఇంట్లో అత్త పెట్టిన జొన్నరొట్టె, పప్పు కమ్మగా ఉన్నాయి. తిన్నాక నేనే మాటెత్తాను. మామ తడబడలేదు. కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

"నడిచెటోడెవడు బిడ్డా, నడిపించెటోడెవడు? నేనెవన్ని? అంత మల్లన్న లీల."

సలీం అన్న సంగతి అడిగితే, ఆ రూపంలో వచ్చింది నందీశ్వరుడన్నాడు. మోకాళ్ల సంగతి అడిగితే, నొప్పి శరీరానికే గాని ఆత్మకు లేదన్నాడు. ఇంకా అడిగితే, దేవుణ్ణి అనుమానిస్తే కళ్లు పోతాయని నన్నే బెదిరించాడు. నేను అనుమానించింది మామను.

అప్పుడు అమ్మ కూడా కళ్లు మూసుకుంది. నవ్వు ఆపుకుంటే ఆమె పెదవి ఒక పక్కకు పోతుంది. అది నేనొక్కదాన్నే చూశాను.

"తమ్మీ, మల్లన్న నాకు గూడ ఇప్పుడే చెప్పిండు. ఇద్దర్ని కలిసి ఈడ్నుంచే నడక మొదలువెట్టమన్నడు. ఇగ లే."

దేవుడి మాట కాదనలేక మామ లేచాడు. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎండ మండుతోంది. ఊరు దాటామో లేదో మామ కుంటడం మొదలుపెట్టాడు. అమ్మ అంతకంటే ఎక్కువ కుంటుతోంది గాని ఆగలేదు. ప్లాట్లు చేసిన ఒక చేని ప్రహరీ దగ్గర మామ కూలబడ్డాడు. తల మీదుగా విమానం దిగుతోంది. ఆ మోత తగ్గాక నేల చూస్తూ అన్నాడు.

"అక్కా, నేను కార్ల పోయిన. నొప్పి గట్లనే ఉన్నది."

అమ్మ పక్కన కూర్చుని, మరి మాత్రలెందుకు మానేశావని అడిగింది.

"మానలే. రోజు ఏస్కుంటున్న."

నెల రోజులుగా నొప్పితో నిద్రపోని మా అమ్మ తమ్ముడి మొహం చాలాసేపు చూసింది. తిట్టలేదు. అది చూసే మామ ఇంకా ముడుచుకుపోయాడు.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్ మందుల షాపు ముందు నిలబడే అమ్మ మాత్ర వేసుకుంది. సాయంత్రం బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. శ్రీశైలానికి నడిచేవాళ్లకు చెప్పగలిగే దారి వివరాలేవీ నా దగ్గర లేవు. శివరాత్రికి బస్సులో అక్క పక్కన కూర్చుని వస్తానని మామ చెప్పాడు. ఈసారి ఏ దేవుడి పేరూ ఎత్తలేదు కాబట్టి, వస్తాడనే అనుకుంటున్నాను.