రేడియో మామ తెలీదన్న రోజు

మొన్న మనవరాలి కారులో బెంగుళూరు పోతుంటే హెబ్బాళ దగ్గర అరగంట నిలిచిపోయాం. కారు రేడియోలో ఒక అమ్మాయి ఏ కూడలిలో ఎంత రద్దీ ఉందో గుక్క తిప్పుకోకుండా చెబుతూ, హెబ్బాళ వైపు దారి సాఫీగా ఉందని కూడా చెప్పింది. మనవరాలు నవ్వి రేడియో కట్టేసింది. నాకు మాత్రం చిన్నప్పుడు చిక్కబళ్ళాపురంలో దారుల సంగతి చెప్పిన ఒక మనిషి గొంతు గుర్తుకొచ్చింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఇళ్ళల్లో రేడియోలు ఉండేవి కావు. పార్కులో ఒక చిన్న గది కట్టి, అందులో రేడియో పెట్టి, సాయంత్రంపూట అందరికీ వార్తలు వినిపించేవారు. అవి అయిపోగానే బస్సుల ఏజెంటు ఒకాయన ఆ గది మెట్టు మీద నిలబడి, రేకు గొట్టం నోటికి పెట్టుకుని, ఆ రోజు దారుల వార్తలు ముందు తెలుగులోనూ తర్వాత కన్నడంలోనూ చెప్పేవాడు. ఆయన్ని ఎవరూ చెప్పమనలేదు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తూ ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుండేవి కాబట్టి, ప్రపంచ వార్తలు పట్టనివాళ్ళు కూడా ఈయన వార్తలకు వచ్చి కూర్చునేవారు. పిల్లలం ఆయన్ని రేడియో మామ అనేవాళ్ళం.

ఆయన పగలంతా బస్టాండులో వచ్చిన ప్రతి డ్రైవరునూ, ప్రతి బండివాణ్ణీ అడిగేవాడు. చింతామణి దారిలో వంక పారుతోందంటే చాలదు, నీళ్ళు ఎద్దు మోకాలి దాకానా, బండి ఇరుసు దాకానా అని తేల్చుకోవాలి. చెప్పినవాడు కళ్ళారా చూశాడో, ఇంకొకడు చెప్పగా విన్నాడో కూడా అడిగేవాడు. విన్న మాట పార్కులో చెప్పేవాడు కాదు.

మా ఇల్లు పార్కు వెనకే. అమ్మ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. దేవాలయం సేవ చేసుకునే కుటుంబం, మా ఆడవాళ్ళు పార్కుకు పోయే అలవాటు లేదు. కానీ నాన్న బాగేపల్లి స్కూల్లో మేష్టరు, ప్రతి శనివారం బస్సులో ఇంటికి వచ్చేవారు. అందుకని శనివారం సాయంత్రం అమ్మ పెరట్లో గోడ పక్కన నిలబడి ఆ గొంతు వినేది. నాన్న ఇంకెంతసేపట్లో వస్తారో దాన్నిబట్టి లెక్కవేసుకుని పొయ్యి రాజేసేది.

ఒక శనివారం పొద్దుటినుంచీ వాన. గుడిబండె నుంచి వచ్చిన బండివాడొకడు బస్టాండు ముందు బండి ఆపకుండానే, "బాగేపల్లి బస్సు ఏట్లో పోయెనప్పా" అని కేకేసి చింతామణి దారి పట్టాడట. అప్పట్లో బస్సులు చిత్రావతి ఏట్లో దిగి దాటాల్సిందే. ఆ మాట గంటలో ఊరంతా పాకింది. మా మేనత్త ఏడుస్తూ వచ్చి అమ్మ పక్కన కూలబడింది.

సాయంత్రం వార్తలయ్యాక రేడియో మామ గొట్టం ఎత్తాడు. గోడ ఇవతల అమ్మా, అత్తా, నేనూ వింటున్నాం.

"బాగేపల్లి బస్సు ఇంకా రాలేదు. ఏమైందో నాకు తెలీదు. చూసినోళ్ళు ఎవురూ రాలేదు."

పార్కులో గోల లేచింది. ఎవరో గట్టిగా అరిచారు. "ఏమప్పా, యాడో యుద్ధం జరగతాంటే ఈడ తెలస్తాండాది, మన బస్సు సంగతి నీకు తెలీదా? బండోడు ఏట్లో పోయెనని చెప్పలేదా?"

"పోయెనంటే? దాటిపోయిందా, కొట్టుకపోయిందా? వాడు నిలిచి చెప్పలేదు కదప్పా."

"కన్నడంలో చెప్పు, తేలిపోతాది!" అన్నాడు ఇంకొకడు.

"హోయ్తు అన్నా పోయెననే కదా, అదే గతి," అన్నాడాయన. ఒకరిద్దరు నవ్వారు. చాలామంది ఆయన్ని తిట్టుకుంటూ లేచిపోయారు.

అత్త అమ్మ తల వైపు చెయ్యి చాచి, "ఇంకా ఆ పూలెందుకమ్మా, తీసెయ్యి," అంది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆడబిడ్డకు ఎదురు చెప్పడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

"ఆయప్ప తెలీదన్నాడు వదినా. తెలీని దానికి నేను పూలు తీయను."

ఆ రాత్రి ఎలా గడిచిందో రాయను. తెల్లారగానే రేడియో మామ ఒక బండి మాట్లాడుకుని ఉత్తరం దారిన పోయాడని తర్వాత తెలిసింది. బస్సు ఏరు దాటే వచ్చింది. దాటాక పేరేసంద్ర ఇవతల బొగ్గు తడిసి ఆగిపోయింది. మధ్యాహ్నం అదే బండిలో నాన్న మా గుమ్మం ముందు దిగారు. వెనకే ఒక పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా బురద. నాన్న పిలిచినా లోపలికి రాలేదు.

"అందరూ బాగుండారమ్మా, నేనే చూసి వస్తాండా," అన్నాడు.

గొంతు వినగానే అమ్మ ఆయన్ని గుర్తుపట్టింది. పరాయి మగవాళ్ళ ముందుకు రాని మనిషి తానే గడప దాటి వెళ్ళి మజ్జిగ చెంబు ఆయన చేతికిచ్చింది. "నిన్న మీరు పోయిందని చెప్పింటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఆయన మజ్జిగ తాగి, చెంబు కింద పెట్టి, సాయంత్రం చెప్పాల్సిన సంగతులు ఇంకా కనుక్కోలేదని బస్టాండుకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ బస్సు గురించీ ఆయన పోయిందనే మాట వాడగా నేను వినలేదు. దాటింది, నిలిచింది, వెనక్కి తిరిగింది అనేవాడు.

ఆయన చనిపోయిన సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి పార్కులో రేడియో గది లేదు, నేను ఆ ఊళ్ళో లేను. ఏడవడానికి కూడా ఆలస్యమైపోయింది.

ఇప్పుడు వార్త చెప్పేవాళ్ళకు కొరత లేదు, మంచి గొంతులే, తప్పు చెప్పాలని చెప్పేవాళ్ళూ కారు. కానీ అప్పట్లో ఆ గొంతు వచ్చిన వైపు నాలుగడుగులు వేస్తే అక్కడ ఒక మనిషి ఉండేవాడు. నువ్వు చూశావా అని అడిగితే జవాబు చెప్పేవాడు. హెబ్బాళలో కారు కదిలేదాకా, ఆ అమ్మాయిని ఎక్కడికి పోయి అడగాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.