వీరాయమ్మ గారి రెండు చెట్లు

కాంతం నోట్లో నువ్వుగింజ నానదన్నది ఆత్రేయపురంలో ఆమె ఉండే వీధి వీధంతా ఒప్పుకున్న మాట. అది చెడ్డబుద్ధి వల్ల కాదు. అబద్ధం ఆడాలంటే ముందు కాసేపు ఆగి ఆలోచించుకోవాలి కదా, ఆ ఆగడమే ఆమెకి చేతకాదు. అడిగినదానికి జవాబూ, అడగనిదానికి వివరమూ ఒకే గుక్కలో వచ్చేస్తాయి. చేతిదాకా వచ్చిన ఇంటిని ఆ నోటితోనే పోగొట్టుకోబోయింది కనుక ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

కాంతం పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన జారుగా రుబ్బిన బియ్యప్పిండి, అందులో ముంచి కుండ మీద పరిచే పల్చటి గుడ్డ. గుడ్డ లాగేసరికి రేకు తేలుతుంది. వినడానికి ఇంతే. కానీ రేకుకి గాలి తగిలితే చిరుగుతుంది, మంట పొగకి గోడలు నల్లబడతాయి. అందుకే ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకి రేకులు తీసేవాళ్లంటే గుబులు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ కాంతం ఎన్ని వాటాలు మారిందో. ఎక్కడికెళ్లినా కొన్నాళ్లకి ఇంటావిడ గుమ్మంలోకొచ్చి, గోడకేసి చూసి, నిట్టూర్చడం. కాంతం కుండని పాత చీరలో చుట్టుకుని మళ్లీ బయల్దేరడం. అలా తిరిగి తిరిగి బుల్లిరాజు గారి పెంకుటింట్లో పడింది. ఆయన రాజమండ్రిలో కాపురం. గోడలు నల్లగా ఉన్నా పచ్చగా ఉన్నా ఆయనకి పట్టదు. వెనక వసారాలో గాలి దూరదు. మంటకి ఆకు పెరట్లోనే రాలుతుంది. ఆ వసారాలో కుండ కుదురుకున్నట్టే కాంతం ప్రాణమూ కుదురుకుంది.

అలాంటి ఇల్లు బుల్లిరాజు గారు అమ్మకానికి పెట్టేరు. కాంతం భర్త గంగబాబు కొబ్బరికాయలు తోలే ఆటో నడుపుతాడు. మొగుడూ పెళ్లాలు ఒక రాత్రంతా మాట్లాడుకుని, ఉన్న బంగారం తాకట్టు పెట్టి అడ్వాన్సు ఇచ్చేరు. మిగతాది బ్యాంకు లోను. ఉగాదిలోగా తీసుకోకపోతే అడ్వాన్సు వదులుకోవాలి, ఇల్లు రావులపాలెం షావుకారు ఒకాయనకి వెళ్లిపోతుంది. ఆయన దాన్ని పడగొట్టి కొట్లు కట్టిస్తాడట. అగ్రిమెంటు మీద సంతకం పెడుతూ, "ఉగాదికి ఇంకా బోల్డంత టైముందండీ" అంది కాంతం. బ్యాంకు వాకిలి తొక్కనివాళ్లు అనే మాట అది.

బ్యాంకు మేనేజరు శివశంకర్ మంచివాడే. కుర్రవాడు, మెత్తటివాడు. దస్తావేజులు లాయరుకి పంపించేడు, ఆయన సరేనన్నాడు. ఇంక ఇంటి విలువ కట్టే ఇంజనీరు వచ్చి చూసిపోవడమే తరువాయి. ఆయన వచ్చిన రోజు కాంతం ముంగిట్లో ముగ్గేసి, పళ్లెంలో పూతరేకులు పెట్టి, ఇల్లంతా దగ్గరుండి చూపించింది. టేపు చుట్టేసి ఆయన పోతూ పోతూ మాటవరసకి అడిగేడు.

"చెట్లన్నీ స్థలంతో పాటే కదండీ?"

"ఆయ్, అన్నీనండి. ఆ పడమటి గట్టు మీదున్న రెండూ తప్పనండి. అవి వీరాయమ్మ గారివండి."

నూతి దగ్గర చేతులు కడుక్కుంటున్న గంగబాబు చేతిలోంచి చెంబు జారి పడింది.

"వీరాయమ్మ గారెవరండీ?"

"బుల్లిరాజు గారి అప్పగారండి. ముక్తేశ్వరం ఇచ్చేరు. పెళ్లినాడు వాళ్ల నాన్నగారు పసుపు కుంకుమ కింద ఆ రెండు చెట్లూ ఆవిడకిచ్చేరండి. ఊరంతా ఎరిగిన సంగతేనండి!"

ఊరంతా ఎరిగినదే. ఆ వీధిలో పాతకాలపు వాళ్లు ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు ఒకటో రెండో కొబ్బరిచెట్లు ఆమె పేర చెప్పేవారు. నేల అన్నదమ్ములది, చెట్టు కాపు ఆడపడుచుది. దానికి కాగితమూ ఉండదు, ముద్రా ఉండదు. పందిట్లో పదిమంది ముందు అన్న మాటే దస్తావేజు. అన్న మాట చెరిగిపోదనుకునే మనిషి కనుక, ఇంజనీరు గారికి చెప్పకపోతే తప్పవుతుందనే కాంతం చెప్పింది. ఆయన మళ్లీ సంచీ తెరిచి అది కాస్తా రాసుకున్నాడు.

ఫైలు అక్కడే కూలబడింది.

"మీరు చెప్పకపోయుంటే మాకు తెలిసేదే కాదండీ," అన్నాడు శివశంకర్, తలపట్టుకుని. "రిపోర్టులో పడ్డాక పై ఆఫీసువాళ్లు ఊరుకోరు. ఆ చెట్ల మీద తనకే హక్కూ లేదని ఆవిడ చేత రాయించి తెండి. వెంటనే కదిలిస్తాను."

బుల్లిరాజు గారికి ఫోను చేస్తే, "దానిదేముంది, నేను చెప్తాలే అక్కకి," అన్నారు. వారం పోయింది. మళ్లీ చేస్తే అదే మాట. ఈలోగా బ్యాంకు నుంచి కొత్త కొర్రీలు వస్తూనే ఉన్నాయి. పాతబడిపోయిన పన్ను రసీదుకి బదులు కొత్తది కావాలన్నారు. కాంతం రేకులమ్మిన రాబడికి ఋజువు కావాలన్నారు. అన్నీ ఇచ్చాక మేనేజరు సెలవు పెట్టేడు. ఆయన వచ్చేసరికి పై ఆఫీసులో ఎవరో బదిలీ అయిపోయేరు. గంగబాబు పెళ్లాంతో మాట్లాడటం తగ్గించేశాడు. తిట్టినా బాగుండేది కాంతానికి. కుండ ముందు కూర్చుంటే ధ్యాస నిలవక రేకులు చిరుగుతున్నాయి. చిరిగిన రేకుని మళ్లీ పిండిలో కలపలేం కదా, పిల్లల చేతుల్లో పెట్టేసేది. ఒకరోజు షావుకారు మనిషి వచ్చి, అడక్కుండానే పెరడంతా కొలుచుకుని పోయేడు. ఆ రోజు మాత్రం వసారాలో స్తంభానికి ఆనుకుని గట్టిగానే ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే మంచి రేకులు ఏరి డబ్బాలో సర్దుకుని ముక్తేశ్వరం బస్సెక్కింది.

దారంతా ఏం మాట్లాడాలో గట్టిగా వల్లెవేసుకుంది. ముందు కుశలం అడగాలి, తర్వాత తమ్ముడుగారి పేరు చెప్పాలి, ఆ తర్వాత మెల్లిగా సంతకం మాట ఎత్తాలి. వీరాయమ్మ గారు గుమ్మంలో పీట వేసుకుని చింతపండు పిక్క తీస్తున్నారు. సన్నటి మనిషి, తల ముగ్గుబుట్ట. ఎవరమ్మా అని అడిగేలోపే కాంతం వల్లెవేసిందంతా గాలికి పోయింది.

"మీ పుట్టింట్లో అద్దెకుంటున్నానండి పిన్నిగారూ, ఇప్పుడా ఇల్లు మేమే కొనుక్కుంటున్నామండి, మీ సంతకం కోసం వచ్చేనండి."

ఆవిడ చేతిలో పిక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఇల్లు అమ్మేస్తున్నాడా?"

తమ్ముడు చెప్పనే లేదని కాంతానికి అప్పుడర్థమైంది. నాలిక కరుచుకుంది. ఇప్పుడు కరుచుకుని ఏం లాభం? ఆవిడ చింతపండు పక్కకి జరిపేరు. తర్వాత అడిగేరు.

"నా చెట్లు కాస్తున్నాయా?"

"విరగకాస్తున్నాయండి. కాయల దింపు తీయించినప్పుడల్లా మీ కాయలు వేరే రాశి పోయించి, మా అక్కకి పంపాలని బుల్లిరాజు గారే పట్టుకెళ్తారు కదండీ. అందట్లేదాండీ?"

వీరాయమ్మ గారు నవ్వేరు. అంత బాధగా నవ్వడం కాంతం ఎన్నడూ చూడలేదు.

"నాన్న పోయేక కాయ కాదు కదా, పీచు కూడా ఈ గుమ్మం ఎక్కలేదమ్మా. ఆడపడుచు నోరు తెరిచి కొబ్బరికాయలు అడుక్కుంటుందా? వాడే పంపుతాడులే అనుకున్నాను." చేతులు దులుపుకున్నారు. "ఏం రాయాలంటావు?"

"మీకు వాటి మీద ఏ హక్కూ లేదనండి..."

"ఎలా రాయనమ్మా? మా నాన్న పందిట్లో నా చేతిలో నీళ్లు వదిలి ఇచ్చేడు. నావి కావని నా చేత్తో రాస్తే ఆయన ఇవ్వలేదన్నట్టేగా. డబ్బు కోసం అనట్లేదు. పుట్టింటి వాళ్లు నాకిచ్చిన దాంట్లో మిగిలినవి ఆ రెండే."

బతిమాలాల్సింది. కాళ్లు పట్టుకోవాల్సింది. గంగబాబు అలాగే చెయ్యమని మరీ చెప్పి పంపేడు. కాంతానికి ఆవిడ మొహం చూస్తే నోటికి ఇంకో మాట వచ్చింది.

"రాయొద్దండి పిన్నిగారూ. మీవే అవి."

లేచి, డబ్బా ఆవిడ చేతిలో పెట్టి, గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది. "షావుకారు గారికి వెళ్తే పడగొట్టేస్తారటండి. మాకే గనక దక్కితే ఇల్లు అలాగే ఉంటాదండి. మీరెప్పుడొచ్చినా మీకో మంచం, ఇంత అన్నం ఉంటాయండి." అనేసి, ఎందుకన్నానా అని సిగ్గుపడి, గబగబా వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి గంగబాబు వీధిలోనే కాచుకుని ఉన్నాడు.

"పెట్టేరా సంతకం?"

"నేనే వద్దన్నానండి."

అతను తెల్లబోయి చూశాడు. ఆ పైన పకపకా నవ్వేడు. ఇన్నాళ్లకి నవ్వేడు. "నిన్ను పంపేను చూడు, నాదే బుద్ధితక్కువ. పద, ఏదన్నా తిందూ గాని. కుండ పగలకుండా ఉంటే ఎక్కడైనా బతుకుతాం." ఆ మాటకి కాంతం కళ్లనీళ్లు పెట్టుకుంది కానీ, చాన్నాళ్లకి కడుపునిండా అన్నం తింది.

ఉగాది ఇంకో వారం పది రోజుల్లో పడిందనగా, పొద్దున్నే వీధిలో ఆటో ఆగింది. కాంతం గుడ్డ పట్టుకుని వచ్చేలోపే వీరాయమ్మ గారు సందులోంచి పెరట్లోకి వెళ్లిపోయేరు. రెండు చెట్లనీ తడిమేరు. "ఇది నా భుజం దాకా ఉండేది. ఎంత పెరిగిపోయిందే," అన్నారు తనలో తాను. తర్వాత సంచీలోంచి పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ తీసి కాంతాన్ని పిలిచేరు.

"చెయ్యి పిండిదే, కడుక్కొస్తానండి..."

"పర్లేదు, కొంగు పట్టు. ఇన్ని రోజులూ అదే ఆలోచించేనమ్మాయ్. నావి కావని చచ్చినా రాయను. నావి కాబట్టే నీకు ఇస్తున్నాను. మా నాన్న నాకెలా ఇచ్చేడో అలాగే. మీ బ్యాంకువాళ్లని అలా రాసుకోమను."

బ్యాంకులో శివశంకర్ ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. లాయరుకి ఫోను చేశాడు. వదులుకున్నా ఇచ్చేసినా ఒకటే, మనకి కావలసింది చెట్లు ఇంటితో ఉండటమేగా అన్నాడు లాయరు అవతల్నుంచి. వీరాయమ్మ గారు ఆ కొత్త కాగితం చదివించుకుని, "ఇచ్చితిని" అన్న మాట ఉందో లేదో రెండుసార్లు అడిగి, అప్పుడు సంతకం చేశారు. పై ఆఫీసు మామూలుగానే ఇంకొన్నాళ్లు తిప్పింది. అయినా పండగ ముందు రోజుకి లోను వచ్చి పడింది. ఆ రోజే జరిగిన రిజిస్ట్రేషను దగ్గర బుల్లిరాజు గారు అప్పగారికేసి తలెత్తి చూడలేకపోయేరు. "కాయలు తియ్యగా ఉన్నాయా తమ్ముడూ?" అని మాత్రం అడిగేరావిడ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వేసవిలో మొదటి దింపుకి, కాయలు కోసే యాకోబు చెట్టెక్కేడు. పడమటి గట్టు కాయలు ఎప్పటిలాగే వేరే రాశి పోయించింది కాంతం. అవి పిన్నిగారివే, ఎవరేమన్నా సరే. గంగబాబు ఆటోలో వేసి పంపుతానంటే, వద్దు నేనే వస్తానని కబురు పెట్టేరావిడ.

కాంతం కుండ ముందు ఉంది. వీధిలో పక్కింటి సత్యవాణి గొంతు వినిపించింది. "ఎవరింటికండీ మామ్మగారూ? రేకులు కొనేవాళ్లు అటువైపు గుమ్మంలోంచి రావాలండి."

"కొనడానికి కాదమ్మా. మా పుట్టింటికొచ్చేను."

కాంతం ఆ మాట విని ఏదో అనబోయింది. నోరు తెరిచింది కూడా. నోట మాట రాలేదు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయి, కుండ మీది రేకు నల్లగా మాడిపోయింది.