మా ఇంటి పి.పి. నంబరు

ఆ రోజుల్లో మనిషి గొప్పతనం అతని దగ్గరున్న వస్తువులో ఉండేది కాదు. ఆ వస్తువు పక్కింటివాడి దగ్గర లేకపోవడంలో ఉండేది. ఇప్పుడు అందరి దగ్గరా అన్నీ ఉన్నాయి కనుక ఎవరూ ఎవరికీ గొప్పగా కనిపించరు. ఇది దేశానికి మేలే అయి ఉండవచ్చు గానీ మా వంటి కుటుంబాలకు మాత్రం కోలుకోలేని దెబ్బ. పుంగనూరులో మా ఇంటికి ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల శిస్తు వచ్చి పడేదట. నాకు ఊహ తెలిసేసరికి ఆ భూములు కొన్ని చట్టానికి, కొన్ని కోర్టు వ్యాజ్యాలకు, మిగిలినవి మా చిన్నతాత గుర్రాల పిచ్చికి పోయాయి (చట్టాన్నీ కోర్టునూ మేము క్షమించాం. చిన్నతాతను ఇంకా క్షమించలేదు). ఇక మాకు మిగిలినవి గుర్రాలు లేని గుర్రపుసాల, నిటారుగా కూర్చునే అలవాటు, ఒక నల్లటి టెలిఫోను.

మా వీధి మొత్తానికి అదొక్కటే ఫోను. కొత్త కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు నెత్తి నెరిసినా అది వచ్చేది కాదు. ముందు హాల్లో తాతగారి పటం కింద టేకు బల్ల మీద, అమ్మ అల్లిన తెల్లటి గుడ్డ కప్పుకుని కూర్చునేది. అది మోగితే నాయన లేచి నిలబడేవాడు. నిలబడి, కొక్కేనికి వేలాడే కండువా తీసి, భుజం మీద సర్దుకుని, అప్పుడు రిసీవర్ ఎత్తేవాడు. "ఎవురో ఏమో తెలీని మనిషితో ఒంటి మింద కండువా లేకుండా మాట్లాడేదెట్లరా?" అనేవాడు. ఒకసారి కండువా ఉతికి పెరట్లో ఆరేసి ఉంది. నాయన అక్కడికి వెళ్ళి, తడి కండువానే పిండి వేసుకుని వచ్చేసరికి ఫోను ఆగిపోయింది. ఆ కాల్ ఎవరు చేశారో, ఏ కబురు చెప్పబోయారో ఈ రోజుకీ మాకు తెలియదు.

మా ఫోనుకు నూటికి తొంభై కాల్స్ మాకోసం వచ్చేవి కావు. మా ఎదురు వరసలో కొంచెం కిందుగా మండీమామ ఉండేవాడు. మదనపల్లె మార్కెట్లో టమేటా మండీ నడిపేవాడు కనుక ఆ పేరు. ఆయన తన కార్డుల మీద మా నంబరు వేయించుకుని పక్కన పి.పి. అని రాయించుకున్నాడు. అంటే ఫోను మాది, మాటలు ఆయనవి. ఫలానా మనిషిని పిలిపించి మాట్లాడించండి అని దాని భావం. ఆ రోజుల్లో పెళ్ళి శుభలేఖల మీద కూడా పక్కింటివాళ్ళ నంబరు అట్లాగే వేసుకునేవారు. మండీమామ అంతటితో ఆగలేదు. మద్రాసు వెళ్ళే టమేటా చెక్కపెట్టెల మీద కూడా మా నంబరును నల్ల రంగుతో అచ్చు గుద్దించాడు.

అది చూసి నాయన మండిపడ్డాడు. "మా ఇంటి నంబరు టమేటా డబ్బాల మిందనా?"

"సామీ, ఆ నంబరు ఎవురింటిదో కనుక్కున్యాకనే మదరాసోళ్ళు నన్ను నమ్మి సరుకు దించుకుంటాండారు. తీసెయ్యమంటే రేపే తీసేస్తా," అన్నాడు మండీమామ చేతులు కట్టుకుని.

నాయన తీసెయ్యమనలేదు. ఆ సాయంత్రం అమ్మతో, "మన నంబరు మదరాసు దాకా పోతాందంట," అన్నాడు, ఎవరో దూరపు చుట్టం కబురు చెప్పినట్టు.

కాల్ వస్తే మనిషిని పిలుచుకు రావడానికి ఒకప్పుడు మా ఇంట్లో పనివాళ్ళు ఉండేవారు. వాళ్ళు పోయాక ఆ పని వంశాంకురమైన నా మీద పడింది. మదనపల్లె కాలేజీలో డిగ్రీ ముగించి, నా అంతస్తుకు తగిన ఉద్యోగం తనంతట తానే వచ్చి తలుపు తడుతుందని ఎదురుచూస్తున్న కాలమది. నేను మనిషిని పిలవడానికి వెళ్ళేవాణ్ణి గానీ పరుగెత్తేవాణ్ణి కాదు. మా తాత నడిచిన వీధిలో, మా తాత నడిచినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాణ్ణి. ఆ పక్క మద్రాసు ఆసామి మూడు నిమిషాల ట్రంక్ కాల్ కొనుక్కుని చెవికి రిసీవర్ ఆనించుకుని ఉండేవాడు. మండీమామ లుంగీ ఎగ్గట్టి పరుగున వచ్చేసరికి లైను తెగిపోయేది.

"చిన్నయ్యా, రవ్వంత పరిగెత్తి రాగూడదా? నువ్వు పల్లకీలో వచ్చినట్టు వస్తాంటే ఆడ మదరాసులో నా టమేటాలు మెత్తబడిపోతాండాయి!"

"మా ఇంట్లో పరిగెత్తేది లేదు మామా."

"అవునప్పా, గుర్రాలు పరిగెత్తేటివి, మీరు పైన కూసోనుండేటోళ్ళు. ఇప్పుడా గుర్రాలు యాడుండాయో సెప్పు, పోయి పిల్సుకొస్తా!"

వీధంతా నవ్వేది. నేను మాత్రం వచ్చిన నడకనే తిరిగి వెళ్ళేవాణ్ణి.

ఇట్లా ఉండగా, దేశం చేతిలో విదేశీ మారకం నిండుకుందని, బంగారాన్ని విమానంలో పంపి పరాయి దేశంలో కుదువ పెట్టారని పేపర్లో వచ్చింది. చదువుకున్నవాళ్ళందరూ తలవంపులుగా భావించిన ఆ వార్త మా ఇంట్లో కొంత ఊరట కలిగించింది. మా అమ్మ నగలు అప్పటికే మదనపల్లెలో ఒక షావుకారు పెట్టెలో ఉన్నాయి (పుంగనూరులో అయితే నలుగురికీ తెలుస్తుందని మేం బస్సెక్కి మదనపల్లె వెళ్ళేవాళ్ళం. ఆ షావుకారు కొట్టు ముందు ఒకసారి మా ఊరి పెద్దమనిషే ఎదురైతే, ఇద్దరం తమలపాకుల కోసం వచ్చామని చెప్పుకున్నాం). నాయన పేపరు మడిచి, "సూస్తివా, తెలిసినోళ్ళ ఊర్లో ఎవురైనా పెడతారా? దేశం గూడా మన మాదిరే పరాయి ఊరికి పోయింది," అన్నాడు. వంటింట్లోంచి అమ్మ, "మళ్ళీ ఇడిపించుకుంటారంటనా?" అని అడిగింది. నాయన మడిచిన పేపరును మళ్ళీ విప్పాడు. తరువాత కొన్నాళ్ళకు దేశం తన బంగారాన్ని విడిపించుకుంది. మాది మదనపల్లెలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి ఒక్కొక్కటిగా తలుపులు తెరుచుకున్నాయి. సంస్కరణలన్నారు, సరళీకరణ అన్నారు. నాయన పేపర్లో ప్రతి అక్షరం చదివి, "మంచిదే, ప్రజలకు మేలు," అనేవాడు. ఆ మేలు మా వీధికి పసుపు బోర్డు రూపంలో వచ్చింది. బస్టాండు మూల మీద అద్దాల గది, లోపల ఫోను, దాని నెత్తిన ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు. ఎస్.టి.డి. బూతు. అందులో మాట్లాడడానికి ఎవరి అరుగూ ఎక్కనక్కర్లేదు, ఎవరి యోగక్షేమాలూ అడగనక్కర్లేదు, ఎవరి కండువానూ చూడనక్కర్లేదు. మా అరుగు మీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూసే మనుషులు తగ్గారు. వాళ్ళకిచ్చే మజ్జిగ మిగిలిపోసాగింది. నాయన ఏనాడూ కాల్‌కు డబ్బు పుచ్చుకున్నవాడు కాదు. అందుకే నష్టం డబ్బుది కాదు. ఉదయం గడ్డం గీసుకుని హాల్లోకి వచ్చి కూర్చోవడానికి ఆయనకు ఇక కారణం లేకపోయింది.

ఒకరోజు మండీమామ పళ్ళెంలో పండ్లు, తాంబూలం పెట్టుకుని వచ్చి, నేరం చేసినవాడిలా గుమ్మంలోనే నిలబడ్డాడు. "సామీ, మాకు గూడా ఫోనొచ్చింది. అడగంగానే ఇచ్చేసినారు, నేనేం జేసేది?"

"శుభం. ఇంక డబ్బాల మింద నీ నంబరే ఏసుకో," అన్నాడు నాయన నిటారుగా కూర్చుని.

"ఏసుకోను సామీ. అట్లే ఉండనీ."

అట్లే ఉండలేదు. చెక్కపెట్టెలు పోయి ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి. వాటి మీద ఎవరి నంబరూ లేదు.

అప్పటికి నా అంతస్తుకు తగిన ఉద్యోగం రాదని తేలిపోయింది. కుప్పంలో గ్రానైటు పలకలకు నునుపు పెట్టి విదేశాలకు పంపే కంపెనీలు వెలుస్తుంటే, ఒక దానిలో గుమస్తాగా చేరాను. "ఎవురి కిందనో గుమస్తానా?" అన్న ఒక్క మాటతో నాయన నాతో మాటలు దాదాపు మానేశాడు (వీధిలో మాత్రం, "మావాడు కుప్పంలో రాళ్ళ యవ్వారం సూస్తాండాడు," అని చెప్పేవాడట). ఒక ఆదివారం పలమనేరు మీదుగా ఇంటికి వచ్చి చూద్దును కదా, నాయన ఇస్త్రీ కండువా వేసుకుని ఫోను ముందు నిలబడి, రిసీవర్ ఎత్తి చెవికి ఆనించుకుని, మళ్ళీ పెట్టేస్తున్నాడు. నన్ను చూసి, "పన్జేస్తాందా లేదా అని," అన్నాడు గోడకేసి చూస్తూ. అమ్మ నన్ను లోపలికి పిలిచి, "దినామూ ఇంతేరా. కాల్ వస్తాదని పెరట్లోకి గూడా పోడు," అంది.

కుప్పం తిరిగి వెళ్ళాక ఒక పన్నాగం పన్నాను. కొడుకుగా నేనే ఫోను చేయవచ్చు. కానీ మాట్లాడని కొడుకు మాట్లాడని తండ్రికి ఫోను చేసి ఏమంటాడు? పైగా ఆ ఫోను మోగాల్సింది ఊరి కోసం. అందుకని బూతులో దూరి, రిసీవర్‌కు చేతిరుమాలు అడ్డం పెట్టి, కుప్పంలో పట్టుబడ్డ అరకొర అరవం కలిపి, "వణక్కం సార్, మదరాసు నుంచి. మండీ సార్‌ని రవ్వంత పిలిపిస్తారా?" అన్నాను.

అటువైపు గొంతు సవరించుకున్న చప్పుడు. "నమస్కారమండీ. లైన్లోనే ఉండండి. పిల్సుకొస్తా," అన్నాడు నాయన. ఆ గొంతు పాత గొంతు, ఇల్లు నిండుగా ఉన్నప్పటి గొంతు. నా పన్నాగానికి నన్ను నేనే మెచ్చుకుంటుండగా రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. అప్పుడు తట్టింది, పిలుచుకు రావడానికి ఇంట్లో నేను లేనని. ఇక వెళ్ళవలసింది నాయనే. పిలవని పేరంటానికే కాదు, పిలిచిన పెళ్ళికి కూడా ఆలోచించి ఒకరి గుమ్మం ఎక్కే మనిషి.

బూతు గాజు గదిలో చెమటలు కక్కుతూ విన్నాను. మా గోడ గడియారం టిక్కుటిక్కు. మెట్ల మీద కిర్రుచెప్పుల చప్పుడు. ఆ చప్పుడు నడకది కాదు. టపటపా వీధిలోకి దిగి పరుగెత్తుతోంది. మా వీధి, మా తాత నడిచిన వీధి. నా నెత్తిన మీటరులో ఎర్ర అంకెలు కూడా పరుగెత్తుతున్నాయి. చప్పుడు తిరిగి వచ్చేటప్పుడు దానితో పాటు ఇంకో జత కాళ్ళు కూడా వచ్చాయి.

"అలో! ఎవురండీ?" మండీమామ గొంతు రొప్పుతోంది.

"మామా, నేను, చిన్నయ్యను. నాయన పక్కనుండాడా? ఏదో ఒకటి మాట్లాడు."

"ఆఁ ఆఁ, బాగుండాము సార్! సరుకు మేలుగా ఉండాది! గట్టికాయ! ఏమి సార్, ఇన్నాళ్ళకు గుర్తొచ్చినామా?" అని మామ గట్టిగా అరిచి, "సార్, ఒగ మాట. ఈడ పెద్దాయన నాకోసరం పరిగెత్తినాడు. మీ పిల్లోళ్ళు గూడా పరిగెత్తేది నేర్సుకుంటే బాగుంటాది సార్!" అని పెట్టేశాడు.

ఇక మానేద్దామనుకున్నాను. కానీ తరువాతి ఆదివారం ఇంటికి వెళితే నాయన అన్నం దగ్గర, "ఆ మదరాసాయన పెద్దమనిషి. పాత నంబరు మర్సిపోలేదు," అన్నాడు అమ్మతో, నాకు వినపడేటట్టు. అందుకని మానలేదు. కొన్నేళ్ళ పాటు, వీలు చిక్కినప్పుడల్లా నేను మద్రాసు ఆసామినయ్యాను. నాయనకు "వణక్కం సార్" అనేవాణ్ణి. కొన్నాళ్ళకు "ఆరోగ్యం బాగుండాదా సార్?", "వాన పడిందా సార్?" అని కూడా అడిగేవాణ్ణి. ఆయన మర్యాదగా, "అంతా చల్లగా ఉండామండీ. తమరు భోంచేసినారా?" అనేవాడు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే మాకు ఇన్ని మాటలు ఉండేవి కావు.

నాయన పోయిన తరువాత ఫోను వాపసు చేసే పని మీద మదనపల్లె వెళ్ళి, మార్కెట్లో మండీమామ దగ్గర కూర్చున్నాను. అప్పటికి ఆయన జేబులోకే సెల్‌ఫోను వచ్చేసింది. "మొత్తానికి నాయనను భలే నమ్మించినాము మామా," అన్నాను.

మామ క్రేట్ల మీది నుంచి చూపు తిప్పలేదు. "నమ్మిచ్చినామా? యాడ నమ్మిచ్చినామప్పా! మొదటి దినమే మా గడప కాడికొచ్చి రొప్పుకుంటా ఏమన్న్యాడో తెల్సునా? 'మావాడు కుప్పం నుంచి మదరాసోడి మాదిరి మాట్లాడతాండాడు. ఆడ మీటరు తిరగతాంటాది, వాని దుడ్లు అయిపోతాయి, బిన్నా పరిగెత్తి రా' అన్న్యాడు. మీ ఇంటికొచ్చే దావలో మళ్ళీ నిలబడి, 'నువ్వు నవ్వబాకు. కనుక్కున్యామని వానికి తెలీనీబాకు, సిగ్గుపడతాడు' అన్న్యాడు."

"మరి నువ్వు ఇన్నాళ్ళూ..."

"సెప్పనని మాటిచ్చినా గదప్పా. పెద్దాయనకిచ్చిన మాట."

ఆ సాయంత్రం బస్సులో పుంగనూరు దాకా ఒకటే ఆలోచన. అన్నేళ్ళలో ఒక్కసారైనా చేతిరుమాలు తీసేసి "నాయనా" అని ఉంటే ఆయన ఏమనేవాడు? బహుశా ముందు కండువా సర్దుకునేవాడు. తరువాత ఏమనేవాడో నాకు తెలియదు. తెలుసుకునే వీలు కల్పించే సంస్కరణ ఏదీ ఇంతవరకు రాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి మదనపల్లెలో పని చేస్తోంది. రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది, నేను అన్నం తిన్నానో లేదో కనుక్కోవడానికి. కాల్స్‌కు ఖర్చే లేని కాలం. ఎంతసేపు మోగినా ఎవరి మీటరూ తిరగదు. అది నాకు తెలుసు. అయినా సెల్‌ఫోను పక్క గదిలో మోగితే, ఈ నెరిసిన తలతో, ఈ అరిగిన మోకాళ్ళతో, పంచె అంచు చేత పట్టుకుని వెళతాను. మా ఆవిడ, "మెల్లిగా, మెల్లిగా! యాల ఆ పరుగు?" అని కేకలేస్తుంది. ఏం చెప్పను? మా వంశంలో పరుగెత్తినవాళ్ళలో నేను రెండోవాణ్ణి.