బండకు ముందు ఉత్తరం

గంగారం దగ్గర ఒక తండాలో రెండు గదుల బడి కట్టే పని మా అన్న చేతికొచ్చింది. సొంత అన్న కాదు. మా తండాలో మొదటి కాంట్రాక్టరు. నేను డిప్లొమా పూర్తిచేసి, చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు పనుల దగ్గర ఏడాది కొలతలు తీసి, ఆయన దగ్గర చేరాను. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బందులతో వారంలో పని ఎన్ని దినాలు నడుస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవారు.

అంచనాలో పునాది అంతా మెత్తటి మట్టి అని రాసి ఉంది. మూడో గుంట నడుములోతు దిగేసరికి గట్టి బండ తగిలింది. సర్కారు తరఫున పని చూసే ఇంజినీరు ఏఈ సారు వచ్చి చూసి, "కానియ్యిండ్రి, తర్వాత చూద్దం" అని తన బండి ఎక్కి వెళ్లిపోయారు.

అలాంటి మాటే జనగామలో అన్నను ముంచింది. అక్కడ మోరీల, అంటే మురుగుకాల్వల, పనిలో నోటిమాట నమ్మి అదనపు పని చేశాడు. చెప్పిన సారు బదిలీ అయ్యాడు, కొత్తగా వచ్చినాయన "కాగితమేది?" అని పైసా ఇవ్వలేదు. ఈసారి బండ ఖర్చు రాకపోతే ట్రాక్టరు అమ్మాల్సిందే. అయినా అన్న పని మొదలుపెట్టబోయాడు. మా దగ్గర పెద్దమనిషి మాటను రాసిమ్మని అడగడం ఆయన్ని నమ్మనట్టే లెక్క.

"అన్నా, ముందు ఉత్తరమిద్దాం. ముద్ర పడ్డంకనే బండ ముట్టుదాం" అన్నాను.

మేస్త్రి నవ్వాడు. "కాగితం మీద కడ్తవా బడి?"

నాలుగు రోజులు పని ఆగింది. ఒప్పందంలో లేని పని ఏది, కొలత ఎంత, ఎందుకు తప్పదు అని మూడు వాక్యాలు రాసి మహబూబాబాద్ ఆఫీసులో ఇచ్చాను. నకలు మీద ముద్ర వేయించుకుని, బండ పగలగొట్టమని ఏఈ సారు రాసిచ్చేదాకా అక్కడినుంచి కదల్లేదు.

అప్పుడు జనగామ నుంచి బండ పగలగొట్టే కంప్రెసర్ కిరాయికి మాట్లాడాం. అది మహబూబాబాద్ దాటకముందే రాస్తారోకోలో చిక్కుకుంది. డ్రైవరు అన్నకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఎవలో రోడ్డు మీద కూసున్నరే, బండి కదుల్తలేదు."

"నేనే కూసున్న రా. నువ్వు గూడ దిగి రా."

అలా రెండు రోజుల కిరాయి వట్టిగా పోయింది.

బండ పగిలాక బిల్లు రాస్తుంటే మేస్త్రి పక్కన చేరాడు. "గా రెండు దినాల కిరాయి గూడ బండ లెక్కల కలుపు. ఎవలు చూస్తరు?"

నేను కలం ఆపాను. అన్న బిల్లు కాగితం తన వైపు తిప్పుకున్నాడు.

"వద్దు తమ్మీ. రోడ్డు మీద కూసున్నది మనం. కిరాయి గూడ మనదే."

గుంట పూడ్చకముందే ఏఈ సారు కొలతకు వచ్చారు. నా బిల్లు పైనుంచి కిందిదాకా చదివారు. "రోడ్డు బంద్ దినాల కిరాయి రాయలేదేంది?"

"గది మా ఖాతా సార్" అన్నాడు అన్న.

సారు తల ఎత్తి ఆయన్ని చూశారు. చెప్పులు విడిచి తానే గుంటలోకి దిగి టేపు రెండో కొస పట్టుకున్నారు. నేను రాసిన కొలతలకూ ఆయన కొలతలకూ వేలెడు తేడా రాలేదు.

"ఎవలు రాసిండ్రు?"

"మా తండా పిల్లగాడే సార్. డిప్లొమా చదివిండు" అని అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

బిల్లు ఒక్క రూపాయి కోత లేకుండా పాసయింది. కంప్రెసర్ ఆగిన ఆ రెండు రోజుల కిరాయి మాత్రం ఆ సీజనంతా అన్న ట్రాక్టరు మీద పత్తి తోలి కట్టాడు. ఎవరైనా అడిగితే, "ఉద్యమంల నా చందా" అని నవ్వేవాడు.