చాపల మధ్య ఖాళీ

కాగితం మీద లెక్క తేలితే లోకంలోనూ తేలినట్టేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఖరగ్‌పూర్‌లో ఇంజనీరింగు చదువుతున్నాను. ప్రేమ్ బజార్‌లో గది తీసుకున్న స్నేహితులు సినిమాకు పిలిస్తే, వెళ్తే లాభాలు ఒక పక్కా, నష్టాలు ఒక పక్కా రాసుకుని రెండూ బేరీజు వేసేసరికి వాళ్ళు సినిమా చూసి తిరిగి వచ్చేసేవారు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, క్వార్టరు నిమ్‌పురాలో. ఆ లైనులో అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే కనక నా చదువు నా ఒక్కడిదీ కాదు, లైను మొత్తానిది. ఎవరింట్లో గోడగడియారం ఆగినా నన్నే పిలిచేవారు. (బాగుచేసేది మాత్రం నాన్న.)

అప్పుడు వచ్చింది మా ఇంటికి రంగం అత్త. నాన్నకు పెదనాన్న కూతురు. రంగం అంటే రంగూను, మావైపు వాళ్ళు ఆ ఊరిని అలాగే అంటారు. అక్కడ రేవు దగ్గర వాళ్ళ నాన్నకు బియ్యం ఎగుమతి చేసే కొట్టుండేది. అత్త అందులోనే పెరిగింది, పెద్దయ్యాక తనే నడిపింది. బర్మాలో సర్కారు మనవాళ్ళ కొట్లు లాగేసుకున్నాక ఒక్క ట్రంకుపెట్టెతో ఓడెక్కి వచ్చేసింది. "అక్కడ నన్ను ఇండియా మనిసి అనీవోరు, ఇక్కడ రంగం మనిసి అంటన్నారు. మద్దెన ఓడలోనే నయం, ఎవులూ ఏటీ అనలేదు" అని నవ్వేది. కుట్టుమిషను కొనిస్తాను, ఇంటిపట్టున ఉండమని నాన్న అంటే, "రవికలు కుట్టడానికేట్రా సంద్రం దాటొచ్చినాను?" అంది. అని ఊరుకోలేదు. సాలువా అవతలి పల్లెలు తిరిగి మేదినీపూర్ సన్నచాపలు బేరమాడింది. రంగూను రోజుల్లో తన దగ్గర బియ్యం కొన్న పినాంగు రేవు వర్తకుడికి ఉత్తరం రాసింది. కలకత్తా రేవులో ఒక ఏజెంటు, ఆడమనిషితో బేరమా అని నసిగి నసిగి, చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. మొదటి సరుకు చెప్పిన ఓడకు అందాలి, అందకపోతే మళ్ళీ తన గుమ్మం తొక్కకూడదు. అత్తకు ఇంకో ఏజెంటు తెలియదు. ఓడ తప్పితే ఇక మిగిలేది కుట్టుమిషనే.

పెట్టెలు సర్దే పని నేను నెత్తిన వేసుకున్నాను. చుట్టిన చాపలు గుండ్రంగా ఉంటాయి కదా, ఒకదాని మీద ఒకటి పేరిస్తే సందులు పెద్దవి, పైవరసను కిందివరస సందుల్లో కూర్చోబెడితే చిన్నవి. రకరకాల బొమ్మలు గీసి, ఒక్క అంగుళం వృథా కాని పద్ధతి కనిపెట్టాను. ఒక చాప తూచి, దాన్నిబట్టి ప్రతి పెట్టె ఎంత తూగాలో గుణించి, అదే రైలుకిచ్చే సరుకు కాగితాల్లో రాసేశాను. "పెట్టె కట్టినాక ఓపాలి తూసవేట్రా?" అంది అత్త. "లెక్క ఉండగా తూకం ఎందుకత్తా?" అన్నాను. (ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) మూతలు పొద్దున్న కొట్టవచ్చని ఆ పూటకు పెట్టెల్ని వరండాలో వదిలేశాం.

మర్నాడు అత్తా నేనూ గూడ్సుషెడ్డులో కాటా మీద మొదటి పెట్టె ఎక్కించగానే గుమాస్తా కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన బెంగాలీ, మా అందరికీ కళ్ళజోడు దాదా. "ఖోకా, నీ కాగితం ఒకటి చెబుతోంది, నా కాటా ఒకటి చెబుతోంది" అన్నాడు హిందీలో. (కుర్రాళ్ళందరూ ఆయనకు ఖోకాలే.) కాటాయే తప్పై ఉంటుందన్నాను. ఆయన పెట్టె దింపించి తను ఎక్కాడు. "పెళ్ళైనప్పటి నుంచీ నా బరువిదే. కాటా ఠీక్ హై." మిగతా పెట్టెలూ అంతే, అన్నీ ఎక్కువే తూగాయి. "తెరిచి చూపించండి. సాయంత్రం బండికి వ్యాగను మూసేస్తారు, అది పోతే మీకు ఓడ పోయినట్టే."

మూత ఊడదీసి ఒక చాప లాగాను. చుట్ట మధ్య బోలులోంచి సున్నుండల మూట జారింది. రెండో దాంట్లో అప్పడాల కట్ట. తరవాత ఆవకాయ సీసా, పసుపుకొమ్ములు, ఎండుచేపలు, చంటిపిల్ల గాజులు. ఒక చాపలోంచి, దాని కొలతకే చుట్టినట్టు, జాతకం ఒకటి వచ్చింది.

కబురు అందగానే లైనంతా షెడ్డుకు దిగింది.

"నానే పెట్టినాను" అంది పక్కింటి మామ్మ, దాపరికం లేకుండా. "మా తమ్ముడు పినాంగులోనే కదా ఉన్నాడు. గిన్నె తిరిగిచ్చినప్పుడే ఖాళీగా ఇవ్వం, సంద్రం అవతలికి ఖాళీ సాపలు పంపుతామేటి?"

"ఖాళీ ఎక్కడుంది మామ్మా! ఖాళీ లేకుండా పేర్చాను!"

"ఏటి పేర్సినావు నాయినా, సెయ్యెడితే మోసేతి దాకా ఎలిపోనాది."

నాన్న అటు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. చుట్టకూ చుట్టకూ మధ్య సందు గురించి అన్ని బొమ్మలు గీసిన నాకు, చుట్ట లోపలే బోలు ఉంటుందని తట్టనే లేదు.

"ఎవరివి వాళ్ళు తీసుకోండి" అన్నాను, గొంతు పెంచి. జాతకం పెట్టిన ఎదురింటి పిన్ని దాన్ని కొంగులో దాచుకుని, "అక్కడ మనోల పిల్ల ఉందని యిన్నాను, మావోడి కోసం" అని గొణిగింది. మామ్మ సున్నుండల మూట ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. "ఆడు సిన్నప్పుడెల్లినాడు. మాయమ్మ పోనాదన్నా రాలేకపోనాడు. ఇయ్యంటే పేనం ఆడికి."

అంతవరకూ వ్యాగను వైపే చూస్తున్న అత్త ఇటు తిరిగింది. తిడుతుందనుకున్నాను. మామ్మ ఒళ్ళో మూటను కాసేపు చూసి, "దాదా, కాగితంలో లేంది పంపకూడదు. కాగితంలో రాస్తేనో?" అంది, తనకొచ్చిన హిందీలో.

"రాస్తే నాకేం దీదీ, పంపొచ్చు."

"ఒరే, ఇంకో పెట్టె కొట్టండి. ఎవులిది ఎవులికెల్లాలో పేర్లు రాయి. ఈపాలి తూసి రాయి."

సరుకు పేరేమని రాయాలో నాకు తోచలేదు. దాదాయే కలం అందుకుని 'ఇంటి సామాను' అని రాశాడు. (ఎండుచేపలు మాత్రం వద్దన్నాడు. అవి ఏమయ్యాయో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.) నాన్న పాత పలకలతో పెట్టె బిగించాడు, ఆడవాళ్ళు కింద కూర్చుని చాపలు తిరిగి చుట్టారు, ఈసారి బోలు లేకుండా గట్టిగా. ఆఖరి పెట్టె లోపలికి నెట్టి చెయ్యి తీసుకోగానే వ్యాగను తలుపు పడింది.

ఓడ అందింది. పినాంగు నుంచి వచ్చిన జవాబులో చాపల గురించి ఒక్క ముక్కే ఉంది, బాగున్నాయని. మిగతా అంతా ఆ ఇంటి సామాను పెట్టె గురించే, అలాంటిది మళ్ళీ ఎప్పుడు పంపుతారని. (జాతకం కుదరలేదట. సున్నుండలు కుదిరాయి.) అత్త వ్యాపారం అక్కడే మలుపు తిరిగింది. పదిళ్ళ మూటలు ఒక్క పెట్టెలో కట్టి పినాంగుకూ సింగపూరుకూ పంపడమే ఆవిడ పని అయింది. కలకత్తాలో గుమ్మం మీద తన పేరుతో బోర్డు పెట్టేదాకా వెళ్ళింది. గుమ్మం తొక్కకూడదన్న ఏజెంటు ఆ గుమ్మం ఎక్కి టీ తాగిన రోజున నాకు పనిగట్టుకుని ఉత్తరం రాసింది.

అప్పటికి నేను దుర్గాపూర్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆ ఉద్యోగానికి బయల్దేరిన రోజున నా ట్రంకుపెట్టెలో ఏమేం ఉన్నాయో రాసుకుని, బరువు కూడా లెక్క వేసుకుని స్టేషనుకు వెళ్ళాను. కాటా మీద పెడితే ముల్లు నా లెక్క దాటి ముందుకు పోయింది. సాగనంపడానికి వచ్చిన అత్త సిగ్నలు వైపు చూస్తోంది. "తెరిసి సూసుకుంటావేటి?" అంది, ఇటు తిరగకుండానే. "అక్కర్లేదత్తా" అని, ముల్లు చూపించిన బరువే రాయించాను.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా పెట్టె నేనే సర్దుకుంటాను, అందులో ఇంకో చెయ్యి పడదు. నేననుకున్న చోటే, వెంట్రుకవాసి తేడా లేకుండా ముల్లు ఆగుతుంది. అయినా కూలీ పెట్టె ఎత్తబోతే, ఒక్క క్షణం ఉండమంటాను. ఇంకాస్త ముందుకు జరుగుతుందేమోనని.